మూత తియ్యొద్దన్న పది రోజులు

నేను నీళ్ళు పోసిన పసివాళ్ళలో కొందరికి ఇప్పుడు మీసాలొచ్చాయి. యాంగోన్‌లో మేముండే తామ్వే పేటలో మా వీధివాళ్ళే కాదు, లత పేటలో దుకాణాలున్న మన తెలుగువాళ్ళు, గంజాం నుంచి వచ్చి ఒడియా, తెలుగు కలిపి మాట్లాడే ఇళ్ళవాళ్ళు, ఎవరింట పురుడొచ్చినా నాకే కబురు పెట్టేవారు. కింద ఫ్లాటులో ఉండే బర్మా ఆవిడ మనవరాలికి కూడా నేనే నీళ్ళు పోశాను. కాళ్ళు చాపుకుని కూర్చుని, పిల్లను కాళ్ళమీద బోర్లా పడుకోబెట్టి, నూనె రాసి, నలుగు పెట్టి, వేడినీళ్ళు పోసి, ఒళ్ళు తుడిచి, ఆఖర్న సాంబ్రాణి పొగ పట్టేదాకా అంతా నా పనే. నా హస్తవాసి మంచిదని అందరూ అనేవారు. ఆ మాట వినడం నాకూ బాగుండేది. దాచుకోవడం ఎందుకు, నేను చెప్పబోయే తప్పంతా ఆ గర్వంలోంచి వచ్చిందే.

మా అమ్మాయి తీరు వేరు. తండ్రి పోయాక ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. అది ఏ పనీ ఒక కొస పట్టుకుని రెండో కొస దాకా వెళ్ళేది కాదు. కుట్టు నేర్చుకుంటానని మిషను కొనిపించింది, రెండు జాకెట్లు కుట్టి దానిమీద బట్టలు ఆరేసింది. కొరియా భాష క్లాసుకి మూడు నెలలు వెళ్ళింది. కేకులు చేసి అమ్ముతానని ఓవెను తెచ్చింది. మా వీధిలో కరెంటు ఎప్పుడు ఉంటుందో, ఎప్పుడు పోతుందో తెలియని రోజుల్లో ఓవెనేమిటని నేను అంటూనే ఉన్నాను. ప్రతిసారీ ఒకటే మాట అనేదాన్ని: "నీ సేతిలో పడ్డది ఏదీ గట్టెక్కదే." చిన్నప్పటినుంచీ అలాగే అనేదాన్ని. ముద్దుగానే అంటున్నానని నా నమ్మకం. అదీ నవ్వేది కాబట్టి ఆ మాట దాన్ని తాకుతోందని నాకెప్పుడూ తోచలేదు.

అది పనిచేసే టిక్కెట్ల ఆఫీసు మూతబడ్డాక కొన్నాళ్ళు ఇంట్లో ఊరికే తిరిగింది. ఒకరోజు ఒక ప్లాస్టిక్ బుట్ట పట్టుకుని మూడంతస్తులూ ఎక్కి వచ్చింది. బుట్టలో గుడ్డ, గుడ్డ కింద ఏదో బుసబుసమంటోంది.

"ఇదేటే, పామేటి?"

"పామేటమ్మా. హెడ్జ్‌హాగ్. సూడు, ఎంత ముద్దుగున్నాదో."

గుడ్డ తీసింది. గుప్పెడంత ముళ్ళ ఉండ. కాసేపటికి ఉండ కొంచెం విచ్చుకుని, అందులోంచి తడి ముక్కు ఒకటి బయటికొచ్చి నావైపు గాలి పీల్చింది. నేను చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని వెనక్కి జరిగాను. రెండు తెచ్చింది, ఒకటి ఆడది, ఒకటి మగది. వేరే దేశం జాతి అట, ఇక్కడ కుర్రకారు ఇళ్ళలో పెంచుకుంటున్నారట, పిల్లలు పుడితే అడిగి మరీ తీసుకెళ్తారట. దాని ఇంగ్లీషు పేరు నా నోట తిరగక నేను ముళ్ళెలక అన్నాను. మా ఇంట్లో అదే పేరు ఖాయమైపోయింది.

మొదటి నెలంతా నేను తిడుతూనే ఉన్నాను. వాటికి పిల్లుల మేత పెట్టేది, దానితోపాటు పురుగులు కూడానట. ఆ పురుగుల్ని తవుడు పోసిన డబ్బాలో పెంచుతూ, డబ్బాను తీసుకెళ్ళి నా బియ్యం డ్రమ్ము మీద పెట్టింది. పురుగుల డబ్బా బియ్యం మీదేమిటని ఆ పూట పెద్ద గొడవే అయింది. నేను శనగపిండి తూచుకునే త్రాసులో వాటిని కూర్చోబెట్టి వారం వారం బరువు చూసేది. ముళ్ళెలకకు తిరగడానికో చక్రం, తాగడానికో సీసా, గదిలో వేడి చూడటానికో మీటరు. మనుషులకు లేని వైభోగం అని నేను దెప్పేదాన్ని. అది "యాబాడే అమ్మా" అనేసి పోయేది. బర్మా భాషలో పరవాలేదని. ఏ మాటకైనా దానిదగ్గర అదే జవాబు.

అయినా నాకు లోపల ఆశ్చర్యంగానే ఉండేది. మూడు నెలలు దాటాయి, నాలుగు దాటాయి, ఇది మాత్రం వదల్లేదు. ఒక నోటుబుక్కు పెట్టుకుని రోజూ రాసేది: ఏం తిన్నాయి, ఎంత తిన్నాయి, ఎప్పుడు నిద్రపోయాయి. దానికి తెలుగు చదవడం రాదు, బర్మాలోనే రాసుకునేది. నాకేమో తెలుగు తప్ప చదవడం రాదు. అంచేత ఆ బుక్కులో ఏముందో నాకు తెలిసేది కాదు గానీ, పేజీలు నిండటం మాత్రం చూసేదాన్ని. బాగా చేస్తున్నావే అని ఒక్కసారి అంటే సరిపోయేది. అనలేదు. ఎక్కడ మళ్ళీ మధ్యలో వదిలేస్తుందో, అప్పుడు నా మాట పోతుందని కాబోలు. కన్న కూతురి దగ్గర నాకు మాట పోవడమేమిటో, ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

వానలు మొదలయ్యే ముందు మగదాన్ని ఆడదాని దగ్గర కొన్ని రోజులు వదిలి, మళ్ళీ వేరు చేసింది. ముప్పై అయిదు రోజులకు ఈనుతుందట. ఆడదాని పొట్ట నిండుగా కనబడేసరికి తన గదిలో బీరువా పక్కన మూలగా ఒక మూత డబ్బా అమర్చింది. ముళ్ళెలక లోపలికీ బయటికీ తిరగడానికి పక్కన గుండ్రంగా కన్నం కోసింది. లోపల కాగితం ముక్కలు మెత్తగా పరిచి, పైన నల్లగుడ్డ కప్పింది. అప్పుడు నన్ను పిలిచి మంచంమీద కూర్చోబెట్టి మరీ చెప్పింది.

"అమ్మా, పిల్లలు పుట్టాక పది రోజులు మూత తియ్యకూడదు. నువ్వు కాదు, నేను కూడా తియ్యను. కొత్త వాసన తగిలినా, బయపడినా తల్లే పిల్లల్ని తినేస్తాది."

"తల్లి పిల్లల్ని తినడమేటే. అలాంటి మాటలనకు."

"నిజమమ్మా. కావాలని కాదు. దానికి బయమేసి అలా సేస్తాది. ప్రామిస్ సెయ్యి."

"నాకేటి పని దాని జోలికెళ్ళడానికి" అన్నాను. అది ప్రామిస్ కిందే లెక్క కట్టుకుంది.

పిల్లలు పుట్టిన రోజు పొద్దున నేను వంటింట్లో చింతపండు నానబెడుతున్నాను. అది నోటిమీద వేలుంచుకుని వచ్చింది. నా చెయ్యి పట్టుకుని గదిదాకా నడిపించి, తలుపు దగ్గర చెవి పెట్టమని సైగ చేసింది. లోపల్నుంచి సన్నగా కిచకిచలు. చాలా సన్నగా. ఒకటి ఆగితే ఇంకొకటి. నేను దాని ముఖం చూశాను. దానికి ముప్పై నిండాయి, ఆ ముఖం మాత్రం పదో తరగతి పాసైన రోజున కూడా అలా లేదు.

"సూడాలని లేదేటే నీకు?" అన్నాను గొంతు తగ్గించి.

"ఎందుకు లేదు? పదో రోజు సూస్తాను."

ఆ రోజునుంచి ఇంట్లో కుక్కరు విజిల్ బంద్. పప్పు గిన్నెలో పెట్టి ఉడికించాను. చెప్పులు గుమ్మం బయటే. అది మునివేళ్ళమీద నడిచేది, ఫోను మెట్లమీదికెళ్ళి మాట్లాడేది. మా ఇంట్లో చప్పుడు లేకపోయేసరికి కింది ఆవిడ ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడిగింది. నేను నవ్వి, పురుడొచ్చిందని చెప్పాను.

నాలుగో రోజు శుక్రవారం. తెల్లారినప్పటినుంచి కుండపోత. పిల్లుల మేత అయిపోవచ్చిందని మా అమ్మాయి గొడుగేసుకుని లతకి బయల్దేరింది. వెళ్తూ వెళ్తూ గది తలుపు దగ్గరికి వేసి, నావైపు చూసి వేలితో బెదిరించింది. వెళ్ళిరా తల్లీ అన్నాను.

యాంగోన్ వానాకాలం సంగతి ఇక్కడున్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. గోడలు చెమ్మ, దుప్పట్లు చెమ్మ, అగ్గిపెట్టె కూడా చెమ్మే. ఆ పూట కరెంటు లేదు, బొగ్గుల పొయ్యిమీద వంట చేసుకున్నాను. చేతులు తుడుచుకుంటూ గది ముందునుంచి వెళ్తుంటే కిచకిచలు వినబడ్డాయి. ఆ రోజు గట్టిగా వినబడ్డాయి, లేదా ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉండబట్టి నాకలా అనిపించింది. పసిగొంతు ఏడిస్తే ఊరుకునే చెవులు కావు నావి. చలికి ఏడుస్తున్నాయి అనుకున్నాను. ఈ చెమ్మలో పచ్చి పురిటి పిల్లలకి వెచ్చదనం లేకపోతే ఎలా? ఇన్ని పురుళ్ళు చూసినదాన్ని, ఇది నాకు చెప్పొచ్చిందా? పుస్తకం చూసి పిల్లల్ని పెంచుతారా ఎవరైనా? ఇలా సాగింది నా బుద్ధి.

పొయ్యిలో నిప్పులు ఇంకా ఉన్నాయి. అంచు విరిగిన మూకుట్లో రెండు నిప్పు కణికలు వేసుకుని, పైన సాంబ్రాణి చల్లి గదిలోకి వెళ్ళాను. నల్లగుడ్డ తీశాను. మూత తీశాను.

నాలుగున్నాయి. ఒక్కొక్కటీ నా బొటనవేలంత. గులాబి రంగు ఒళ్ళు, కళ్ళు మూసుకునే ఉన్నాయి, వీపుమీద తెల్లగా సన్నని ముళ్ళు అప్పుడే మొలిచి అటూ ఇటూ వాలి ఉన్నాయి. తల్లి పొట్టకింద ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఓలమ్మ, ఎంతున్నారర్రా అనుకుంటూ, పసివాళ్ళకు పట్టినట్టే మూకుడు మూడుసార్లు చుట్టూ తిప్పి పొగ లోపలికి ఊదాను.

తల్లి లేచింది. పిల్లలు దానికిందినుంచి దొర్లిపోయాయి. అది ముక్కెత్తి పొగ పీల్చి, కాగితం ముక్కనొకదాన్ని నమలడం మొదలెట్టింది. నోటినిండా నురగ వచ్చింది. మెడ వెనక్కి మెలితిప్పి ఆ నురగంతా తన ముళ్ళకే పూసుకుంటోంది, కాళ్ళు తడబడుతున్నాయి. మూర్ఛ అనుకుని నేను హడలిపోయాను. మూత పెట్టేసి, గుడ్డ కప్పేసి, మూకుడు పట్టుకుని బయటికి వచ్చేశాను. కొత్త వాసన ఏది తగిలినా అవి అలాగే చేస్తాయని, అది జబ్బు కాదని తర్వాత తెలిసింది.

తర్వాత నేను చేసిన పని చెప్పాలి. గది కిటికీలు తీసి, తువ్వాలుతో పొగంతా బయటికి విసిరాను. ఒంట్లో ఓపిక ఉన్నంతసేపు విసిరాను. అంతా మంచికే చేశాననుకున్నదాన్నయితే అలా ఎందుకు విసురుతాను? ఆ సరికే నాకు అర్థమైంది. ఇంకా వాసన మిగిలే ఉందని దేవుడి దగ్గర కూడా సాంబ్రాణి వేసి, హాలునిండా పొగ చేశాను.

సాయంత్రం తడిసి వచ్చింది అది. గుమ్మంలోనే ఆగి ముక్కు ఎగపీల్చింది.

"అమ్మా, సాంబ్రాణేటి?"

"శుక్రవారం కదే."

"గదిలోకి పోలేదు కదా పొగ?"

"తలుపేసే ఉంది."

అది నమ్మింది. నేను ఎన్ని మాటలన్నా అబద్ధం మాత్రం ఆడనని దానికి ఒక నమ్మకం.

ఆ రాత్రినుంచి గదిలో కిచకిచలు లేవు. మర్నాడు పొద్దున అది తలుపుకి చెవి ఆనించి చాలాసేపు నిలబడింది. నేను వంటింట్లోంచి చూస్తున్నాను. తిరిగొచ్చి, "ఏడుపు తగ్గింది. ఎదుగుతున్నాయి కదా, అందుకే" అంది. నేను తల ఊపాను.

అక్కణ్ణుంచి ఆరు రోజులు. అది అలాగే మునివేళ్ళమీద నడిచింది. అలాగే మెట్లమీదికెళ్ళి ఫోను మాట్లాడింది. తుమ్మొస్తే ముఖానికి దిండు అదుముకుంది. మూత జోలికెళ్ళకుండా మేత కన్నం దగ్గర పెట్టి, చెయ్యి వెంటనే వెనక్కి తీసుకునేది. కుక్కరు పెట్టమ్మా, నీకు కష్టంగా ఉంది కదా అని ఒకసారి అంది, వొద్దులే అన్నాను. రోజూ పొద్దున లేవగానే ఈవేళ చెప్పేస్తాను అనుకునేదాన్ని. చూడలేదు కదా, బతికే ఉన్నాయేమో, అనవసరంగా దాన్ని భయపెట్టడం ఎందుకని మధ్యాహ్నానికి నాకు నేనే సర్ది చెప్పుకునేదాన్ని. పిల్లలు లేని డబ్బాకు అది కాపలా కాస్తుంటే, దానికి అన్నం వడ్డించి, మజ్జిగ పోసి, ఎదురుగా కూర్చున్నాను.

పదో రోజు అది పొద్దున్నే తలంటు పోసుకుంది. గోళ్ళు తీసుకుంది. సబ్బు వాసన ఉండకూడదని మోచేతులదాకా ఉట్టి నీళ్ళతో కడుక్కుంది. మూత తీసి, లోపలికి చూసి, అలా వంగే ఉండిపోయింది. చెక్క గరిటెతో కాగితాలు ఒక పక్కనుంచి మెల్లగా తొలగించింది. రెండో పక్కా తొలగించింది. తల్లి మూలన ఉండచుట్టుకుని నిద్రపోతోంది.

"అమ్మా, ఏటీ లేవు" అంది.

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. చెప్పడానికి అంతకంటే మంచి నిమిషం ఇంకోటి రాదు. నా నోట్లోంచి వచ్చిన మాట ఏమిటంటే, "నీ సేతిలో ఏది గట్టెక్కింది గనక."

అనాలని అనలేదు. ముప్పై ఏళ్ళ అలవాటు, నాలిక దానంతటదే తిరిగింది. కానీ అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకోగలిగితే నా మిగతా ఆయుష్షులో సగం ఇచ్చేద్దును. అది నావైపు తిరిగి చూడలేదు. గరిటె కడిగి దాని చోట పెట్టి, నోటుబుక్కు తీసుకుని మంచంమీద కూర్చుంది.

మూడు రోజులు అది ఆ బుక్కు వదల్లేదు. వెనక పేజీలు తిరగేస్తుంది, ఏదో చోట గీత గీస్తుంది, మళ్ళీ తిరగేస్తుంది. నాలుగో రోజు బయటికెళ్ళినప్పుడు నేను బుక్కు పట్టుకుని కింది ఆవిడ దగ్గరికి దిగాను. ఆవిడని నేను అమా అంటాను, వాళ్ళ భాషలో అక్క అని. "అమా, ఇందులో ఏం రాసిందో చదివిపెట్టు" అన్నాను. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని గీతలున్న చోట్లు ఒక్కొక్కటే చదివింది. రెండో రోజు తలుపు దగ్గర తుమ్మాను, అది కావచ్చు. మూడో రోజు నీళ్ళు మార్చినప్పుడు చేతికి సబ్బు వాసన ఉంది, అది కావచ్చు. ఆరో రోజు ఫోను మోగింది. ఏడో రోజు బీరువా తలుపు గట్టిగా పడింది. చివరి పేజీలో ఒక్క మాటే ఉందట. ఆవిడ చదివి నావైపు చూసింది.

"నా వల్లే అని రాసుకుంది" అంది. "పాపం, ఎంత శ్రద్ధగా రాసిందో. ఏమైంది?"

చెప్పలేదు. ఈసారి మాత్రం మెట్లెక్కుతూ గట్టిగా అనుకున్నాను, అది రాగానే కాళ్ళమీద పడైనా చెప్పేస్తానని. పైకి వెళ్ళేసరికి మా గుమ్మం ముందు లత నుంచి వచ్చిన ఒకావిడ, చేతిలో మిఠాయి పొట్లంతో నిలబడి ఉంది. కోడలు ప్రసవించిందట. "మీ సెయ్యి పడితే సాలమ్మా, పిల్లడికి మరేటీ అక్కర్లేదు. రేపటినుంచి రండి" అంది. ఆవిడ వెనకాలే మా అమ్మాయి మెట్లెక్కి వచ్చింది. ఆ మాటలు వింది, నాకేసి చూసి నవ్వింది కూడా. మా అమ్మ అంటే అలాగుంటుంది అన్నట్టు. ఇంక నా నోరు పెగల్లేదు. ఈ చేత్తో పట్టిన పొగకే పురిటి పిల్లలు పోయారని తెలిస్తే నన్నెవరు గుమ్మం ఎక్కనిస్తారన్న భయం ఒకటి. అది అలా చూసిన చూపు పోతుందన్న భయం ఇంకొకటి. పిరికిదాన్ని, రెండిటికీ లొంగాను.

పదిహేను రోజుల తర్వాత ముళ్ళెలకలు రెండింటినీ ఇచ్చేస్తానంది. ఏటికి అవతల దలాలో కుందేళ్ళు, పక్షులు పెంచే ఒకావిడ దొరికిందట. నేనూ వస్తానని వెంట వెళ్ళాను. ఫెర్రీలో బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్కనున్న మనిషి అందులో ఏముందని అడిగితే, దాచకుండా బర్మాలో అంతా చెప్పింది: పిల్లలు పుట్టాయి, నేను జాగ్రత్తగా లేను, పోయాయి, అందుకే చేతనైనవాళ్ళకు ఇస్తున్నాను. నేను జాగ్రత్తగా లేను అన్న మాట రెండుసార్లంది. మాట్లాడుతున్నంతసేపూ గుడ్డమీదుగా బుట్టను నిమురుతూనే ఉంది. ఏరు దాటడానికి ఎంతసేపో పట్టదు. ఆ కాసేపూ నేను నీళ్ళవైపు చూస్తూ కూర్చున్నాను, దిగేటప్పుడు జారుతుంది జాగ్రత్త అని మాత్రం చెప్పాను.

చలికాలంలో దలా ఆవిడ ఫోనుకి ఫొటో పంపింది. అదే తల్లి, పొట్టకింద అయిదు పిల్లలు, ముళ్ళు విచ్చుకుని బొద్దుగా ఉన్నాయి. మా అమ్మాయి తెచ్చి నాకు చూపించింది.

"సూడమ్మా. తల్లి మంచిదే" అంది.

ఆ మాట నిజంగా సంతోషపడే అంది. ఇంక ఆ లెక్క దాని మనసులో తేలిపోయింది. తల్లి మంచిదైతే తప్పు ఎవరిదో ఇంకొకరు చెప్పక్కర్లేదు. నేను ఫోను తిరిగి దాని చేతికిచ్చి, బాగున్నాయే అన్నాను.

ఆ తర్వాత అది లతలో ఒక ఫోన్ల దుకాణంలో కౌంటర్లో కుదిరింది. వేళకు వెళ్తుంది, వేళకు వస్తుంది. కొత్తగా ఏదీ మొదలుపెట్టలేదు. మొదలుపెట్టి వదిలేసే పిల్లని నేను అన్నేళ్ళు దెప్పాను; ఇప్పుడు అసలు ఏదీ మొదలుపెట్టని పిల్ల నా ఇంట్లో తిరుగుతోంది. ఒక ఆదివారం దాని స్నేహితురాలు వచ్చింది. ఇద్దరం కలిసి ఇంట్లో పచ్చళ్ళు పెట్టి ఫోనులో అమ్ముదాం, నువ్వు చూసుకుంటే నేను డెలివరీ చూస్తాను అని ఒకటే బతిమాలింది. ఇది నవ్వుతూ అంది: "నన్ను కలపకు. నా సేతిలో పడ్డది ఏదీ గట్టెక్కదు."

నేను బియ్యం ఏరుతున్నాను. నా మాట, నా గొంతు, నా విరుపుతో సహా దాని నోట్లోంచి వచ్చింది. నేను అన్నన్నాళ్ళూ అది వేళాకోళం. అది అనేసరికి తీర్పు అయిపోయింది. స్నేహితురాలు వెళ్ళిపోయేదాకా చేట పట్టుకుని అలాగే కూర్చున్నాను. మధ్యాహ్నం, కరెంటు లేదు, ఫ్యాను ఆగి ఉంది. అది వచ్చి నా పక్కన గచ్చుమీద వెల్లకిలా పడుకుంది.

"ముళ్ళెలక పిల్లలు నీ వల్ల పోలేదే" అన్నాను.

అది ఆగిన ఫ్యానుకేసి చూస్తోంది.

"నాలుగో రోజు నువ్వు లత వెళ్ళినావు. నాను మూత తీసినాను. సలేస్తందని సాంబ్రాణి పట్టినాను. ఆ రాత్రినుంచే సప్పుడు లేదు. నీ తుమ్ము కాదు, నీ సబ్బూ కాదు. నువ్వు అంతా సరిగ్గానే సేసినావు."

ఇన్నాళ్ళూ నోట్లో నలిగిన మాటలు నాలుగు ముక్కల్లో అయిపోయాయి. అరుస్తుందనుకున్నాను. లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. అది పైకి చూస్తూనే అడిగింది.

"నువ్వు సూసినావా వాటిని?"

"సూసినాను."

"ఎన్ని?"

"నాలుగు."

"ఎలగున్నాయి?"

చెప్పాను. గులాబి రంగు, మూసిన కళ్ళు, అటూ ఇటూ వాలిన తెల్లటి ముళ్ళు, ఒకటి మిగతావాటికంటే చిన్నది, పాలకోసం తోసుకుంటూ వెనకబడిపోతోందని కూడా చెప్పాను. అది కళ్ళు మూసుకుని వింది. అన్నీ చెప్పాక కూడా ఇంకేమైనా ఉందా అని అడిగింది. అవి పుట్టాయని తెలుసు గానీ, దానికి వాటి రూపు తెలియదు. ఈ లోకంలో వాటిని చూసినదాన్ని నేనొక్కదాన్నే.

తర్వాత లేచి కూర్చుని, మోకాళ్ళచుట్టూ చేతులు వేసుకుంది.

"పొగ నువ్వు మంచికే పెట్టినావు, నాకు తెలుసు" అంది. "దానికి నేనేటీ అనను. కానీ అమ్మా, ఆ తర్వాత ఆరు రోజులు నేను ఈ ఇంట్లో మునివేళ్ళమీద నడిసినాను. నువ్వు సూస్తా కూర్చున్నావు."

అవును అన్నాను.